మోటారు స్టార్టర్ యాప్: రైతులు పాసుపుస్తకం స్క్రీన్ దగ్గరే ఆగిపోతున్నారు, ఏం తీసేయాలి?

నిమ్మతోట_యాప్ (పొదలకూరు) అడిగిన ప్రశ్న:

బోరు మోటారును ఫోన్ నుంచి ఆన్, ఆఫ్ చేసే స్టార్టర్ పెట్టె, దానికి తోడు రెండు తేమ సెన్సర్లు, వీటికి ఒక ఆండ్రాయిడ్ యాప్. వాడేది నెల్లూరు జిల్లా పొదలకూరు, కలిగిరి వైపు నిమ్మ రైతులు, కోవూరు వైపు వరి వేసేవాళ్లు, అటు కొండపి, పొదిలి వైపు మెట్ట రైతులు. డీలరు పెట్టె బిగించి, యాప్ ఎక్కించి వెళ్లిపోతాడు. రిజిస్ట్రేషన్ రైతే చేసుకోవాలి.

ఇప్పుడున్న వరస ఇది: భాష, నాలుగు పరిచయ బొమ్మలు, ఫోన్ నంబరు, ఓటీపీ, పేరు, ఆధార్, పాసుపుస్తకం ఫొటో, సర్వే నంబరు, గట్ల వెంట నడిచి హద్దు గీయడం, నేల రకం, పంట, సీజన్, ఆఖర్న పెట్టె మీది క్యూఆర్ స్కాన్. పాసుపుస్తకం దగ్గర చాలామంది ఆగిపోతున్నారు. అది దాటినవాళ్లు హద్దు దగ్గర వదిలేస్తున్నారు. మోటారు బటన్ కనిపించేదాకా వచ్చేవాళ్లు కొద్దిమందే.

ఏవి తీసేయొచ్చు? తెలుగు మాటలు ఎట్లా పెడితే బాగుంటుంది? పెట్టెను యాప్‌కి కలిపేటప్పుడు జాగ్రత్తలేంటి? ఇంతవరకు చెప్తే చాలు.

——

తెరవెనుక (స్క్రీన్ డిజైన్) జవాబు:

మీ వరసలో మోటారు ఆఖర్న ఉంది. రైతు డబ్బు పెట్టింది మోటారు కోసం. దాన్ని ముందుకు తెండి, సగం గొడవ పోతుంది. మొదటి రోజు పని ‘రిజిస్ట్రేషన్ పూర్తయింది’ దగ్గర ముగియకూడదు. రైతు వేలితో నొక్కితే మోటారు తిరిగి, గొట్టంలో నీళ్లు పడ్డప్పుడు ముగియాలి. మీరు కొలవాల్సింది కూడా అదే: యాప్ తెరిచిన దగ్గర్నుంచి మొదటిసారి మోటారు తిరిగేదాకా ఎన్ని నిమిషాలు పట్టింది, మధ్యలో ఏ స్క్రీన్ దగ్గర ఆగింది.

దానికి ముందు అడగాల్సినవి మూడే: భాష, ఫోన్ నంబరు, పెట్టె క్యూఆర్. పరిచయ బొమ్మలు నాలుగూ తీసేయండి. మోటారు వేద్దామని కూర్చున్నప్పుడు బొమ్మలు ఎవరు చూస్తారు?

ఆధార్ అసలొద్దు. మోటారు తిప్పడానికి దానితో పనిలేదు, దగ్గర పెట్టుకుంటే మీకే బరువు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం ఏ సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి. ఆ నోటీసును రైతు కోరితే తెలుగులో చదువుకునే వీలుండాలి. పాసుపుస్తకం అడగడం ఇంకా పెద్ద తప్పు. కౌలు రైతు దగ్గర అది ఉండదు. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం కింద ఇచ్చే 11 నెలల సాగుదారు హక్కు కార్డు ఉంటే ఉండొచ్చు, నోటిమాట కౌలైతే అదీ ఉండదు. మోటారు నడిపేది మాత్రం అతనే.

హద్దు నడక గురించి. ఎకరం పొలాన్ని చదరంగా ఊహించుకుంటే ఒక్కో పక్క దాదాపు 64 మీటర్లు. మామూలు ఫోన్ జీపీఎస్ ఆరుబయట మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, నిమ్మచెట్ల కింద ఇంకా ఎక్కువ. నాలుగు పక్కలా ఐదేసి మీటర్లు బయటికి జరిగితే ఎకరం కాస్తా ఎకరం 34 సెంట్లవుతుంది. అది చూశాక యాప్‌లో మిగతా అంకెలనూ రైతు నమ్మడు. మోటారు కాడ నిలబడి ఒక గుర్తు పెట్టించండి, విస్తీర్ణం నోటితో చెప్పించుకోండి.

విస్తీర్ణానికి రెండు గళ్లు పెట్టండి, ఎకరాలు ఒకటి, సెంట్లు ఒకటి. ఒకే గడిలో దశాంశం అడిగితే ‘రెండెకరాల ఐదు సెంట్లు’ అనుకున్న మనిషి 2.5 కొడతాడు. కావాల్సింది 2.05. నలభై ఐదు సెంట్లు ఊరికే పుట్టుకొస్తాయి.

దిగుబడి మొదటి రోజు అడగొద్దు. ఎప్పుడు అడిగినా నెల్లూరు వరి రైతుని క్వింటాళ్లలో అడక్కండి. ఇక్కడ లెక్క పుట్టి, అంటే 850 కిలోలు. గడి పక్కన పుట్టి, బస్తా, క్వింటా అని మూడు ఎంపికలు ఉంటే చాలు, మార్పు లెక్క యాప్ చూసుకుంటుంది.

మాటల సంగతి. ‘నీటిపారుదల ప్రణాళిక’, ‘మృత్తికా తేమ’, ‘సమర్పించు’ ఇవన్నీ పాఠ్యపుస్తకం తెలుగు. ‘తడి ఎప్పుడు’, ‘నేల పదును’, ‘సరే’ అనండి. ‘ఫీల్డ్ 1’ బదులు రైతే పేరు పెట్టుకోనీండి, ‘రోడ్డు పక్క తోట’, ‘చెరువు కింద మడి’ అని. టైపింగ్ కష్టం కాబట్టి పక్కనే మైకు గుర్తు ఉంచండి. సీజన్ అనే స్క్రీనే వద్దు. రెండు సీజన్ల మధ్య ఎడగారు వరి వేసే రైతుకి ఖరీఫ్, రబీ అన్న రెండే బటన్లు చూపిస్తే ఏది నొక్కాలి? ‘నాటి ఎన్ని రోజులైంది’ అని అడిగితే ఎవరైనా ఠక్కున చెప్తారు. పంటల పట్టీని అక్షరక్రమంలో పెట్టకండి. నిమ్మ, వరి, మిరప, పొగాకు, శనగ, కంది మొదటి తెరమీదే కనిపించాలి.

——

మూడు_ఫేజులు (స్టార్టర్ మెకానిజం) జవాబు:

పై జవాబులో మిగతాదంతా సరే గానీ, క్యూఆర్ స్కాన్ చేయగానే ‘ఆన్’ బటన్ ఇచ్చేయమంటే మాత్రం ఒప్పుకోను. మధ్యలో పెట్టె సర్దుబాటు ఉంది. అది తప్పితే మోటారు కాలుద్ది.

ముందు పెట్టెలో వేసే సిమ్ము. పెట్టెలో 2జీ మోడెమ్ మాత్రమే ఉంటే జియో సిమ్ పనిచేయదు, వాళ్లకి 2జీ లేదు. సిమ్ ఏ కంపెనీదో యాప్ అడిగి, పొంతన కుదరకపోతే అప్పుడే చెప్పాలి. సిమ్‌కి పిన్ లాక్ ఉంటే ముందు మామూలు ఫోన్లో వేసి తీసేయాలి. యంత్రాలకిచ్చే ఎం2ఎం సిమ్ అయితే నంబరు 13 అంకెలుంటుంది. మీ గడి పదంకెలకే ఆగిపోతే డీలరు ఏం చేయలేక తన సొంత నంబరు కొట్టేసి పోతాడు. చివరగా రీఛార్జి గడువు: 28 రోజులా, 84 రోజులా, ఎప్పుడు వేశారు? ఇది అడిగి పెట్టుకుంటే గడువుకి మూడు రోజుల ముందు గుర్తుచేయొచ్చు. ‘పెట్టె చెడిపోయింది’ అని ఫోన్ వస్తే ముందు చూడాల్సింది రీఛార్జే.

తర్వాత ఆంప్స్, అంటే మోటారు లాగే కరెంటు. డ్రై రన్ (నీళ్లు లేకుండా మోటారు తిరగడం) రక్షణ కరెంటు కొలిచే పనిచేస్తుంది. బోర్లో నీళ్లు అయిపోతే మోటారు మీద భారం తగ్గుతుంది, ఆంప్స్ పడిపోతాయి, పెట్టె ఆపేస్తుంది. అందుకే మామూలుగా ఎన్ని ఆంప్స్ తీసుకుంటుందో మొదటి రోజే నమోదు కావాలి. ఈ స్క్రీన్ డీలరు కోసం, రైతు కోసం కాదు. వరస ఇట్లా ఉండాలి:

గేటు వాల్వు పూర్తిగా తెరవమని చెప్పాలి. మోటారు వేసి పది నిమిషాలు ఆగాలి. మూడు ఫేజుల వోల్టేజీ, ఆంప్స్ తెరమీద చూపించాలి. ఫేజుల మధ్య వోల్టేజీ 400కి అటూ ఇటూగా ఉంటేనే ‘ఈ అంకె ఉంచు’ బటన్ వెలగాలి. ఐదు హార్స్‌పవర్ మోటారు 8 ఆంప్స్ దగ్గర నిలబడిందనుకోండి, డ్రై రన్ హద్దు 6 దగ్గర, ఓవర్‌లోడ్ (భారం మితిమీరితే ఆపే హద్దు) 9.5 దగ్గర పెట్టడం మామూలు. మోటారు మీది రేకులో కంపెనీ ఇచ్చిన ఆంప్స్ కంటే ఓవర్‌లోడ్ మరీ పైకి పోకుండా యాప్ అడ్డుకోవాలి.

తప్పు రెండు రకాలుగా జరుగుతుంది. వాల్వు సగం మూసి కొలిస్తే ఆంప్స్ తక్కువ నమోదవుతాయి, హద్దు కూడా కిందికి పోతుంది, నిజంగా నీళ్లు అయిపోయిన రోజు పెట్టె కనిపెట్టదు. వోల్టేజీ బాగా తక్కువున్నప్పుడు కొలిస్తే అదే పనికి మోటారు ఎక్కువ ఆంప్స్ లాగుతుంది. తర్వాత కరెంటు బాగున్న రోజు ఆంప్స్ తగ్గి, నీళ్లు పుష్కలంగా ఉన్నా ‘నీళ్లు లేవు’ అని ఆగిపోతుంది. రైతు విసుగొచ్చి రక్షణ మొత్తం తీయించేస్తాడు.

డ్రై రన్‌లో ఆగాక మళ్లీ ఎప్పుడు వేయాలన్నదీ ఇక్కడే అడగండి. మెట్టలో ఎండాకాలం బోరు ఊరడానికి అరగంట, గంట పడుతుంది. ఐదు నిమిషాలకి పెడితే రోజంతా వేసి ఆర్పడమే.

ఆటో స్టార్ట్‌కి ఆలస్యం తప్పనిసరి. వ్యవసాయానికి పగలు ఇచ్చే తొమ్మిది గంటల కరెంటు సరఫరా మొదలవగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తే ఫ్యూజు పోవడమో, ట్రాన్స్‌ఫార్మర్ కాలడమో జరుగుతుంది. 30 నుంచి 180 సెకన్ల మధ్య ఒక్కో పెట్టెకి ఒక్కో ఆలస్యం యాప్ దానంతటదే ఇవ్వాలి, రైతును అడగక్కర్లేదు.

ఇక బటన్. ఒకే బటన్ నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్ అనే పద్ధతి ఈ పనికి పనికిరాదు. ఆదేశం పెట్టెకి చేరడానికి సిగ్నల్‌ని బట్టి ఐదు సెకన్లు పట్టొచ్చు, నలభై పట్టొచ్చు. గుండ్రంగా తిరిగే గుర్తు చూసి రైతు మళ్లీ నొక్కుతాడు, వేసింది ఆరిపోతుంది. పాత స్టార్టర్ మీద ఉన్నట్టే వేరువేరుగా పచ్చ బటన్, ఎర్ర బటన్ ఇవ్వండి. నొక్కాక మూడు మెట్లు కనిపించాలి: ‘పంపాం’, ‘పెట్టెకి అందింది’, ‘మోటారు తిరుగుతోంది, 8 ఆంప్స్’. మూడో మాట రిలే (పెట్టెలో మోటారుకి కరెంటు కలిపే స్విచ్) పడిందని చెప్పకూడదు, ఆంప్స్ చూసి చెప్పాలి. రిలే పడినా ఫేజు పోతే మోటారు తిరగదు కదా.

ఇంకొకటి. పెట్టె మీద ‘చేతి / ఫోన్’ స్విచ్ ఉంటే, మూత తెరిచే ముందు ‘చేతి’ వైపు తిప్పాలన్న సంగతి మొదటి రోజే బొమ్మతో చూపించండి. ఒకరు లోపల వైరు బిగిస్తుండగా ఇంకొకరు ఊర్నుంచి ఆన్ నొక్కితే ప్రాణాల మీదికొస్తుంది. దాటేయడానికి వీల్లేని స్క్రీన్ ఒక్కటి ఉండాలంటే అది ఇదే.

——

నిమ్మతోట_యాప్:

చాలా థ్యాంక్స్ అన్నా, 13 అంకెల సిమ్ సంగతి మా తలకి తట్టనే లేదు. సెన్సర్ల గురించి కూడా ఎవరైనా చెప్పండి. ఇప్పుడు శాతం చూపిస్తున్నాం. ‘23 శాతం అంటే తడి పెట్టాలా వద్దా’ అని అడుగుతున్నారు. ఓటీపీ కూడా మా టెస్ట్ ఫోన్లలో దానంతటదే పడుతోంది, ప్లే స్టోర్ నుంచి వేసుకున్నవాళ్లకి పడటంలేదు.

——

పదును_చూడు (నేల, నీరు) జవాబు:

వాళ్లు అడిగేది న్యాయమే, ఎందుకంటే 23 శాతానికి ఒకే అర్థం లేదు. ఇసుక కలిసిన ఎర్ర నేల పట్టి ఉంచగలిగేది దాదాపు 18 నుంచి 20 శాతం, ఎనిమిదికి వస్తే మొక్క వడలిపోతుంది. బరువైన నల్లరేగడి 38, 40 దాకా పడుతుంది, 23 దగ్గరికే మొక్కకి అందే నీరు దాదాపు అయిపోతుంది. అంటే అదే 23, కలిగిరి ఎర్ర చేలో నిండు తడి, దర్శి నల్లరేగడిలో ఎండు. శాతం లోపలి పేజీలో దాచి, పైన ‘పదునుంది’, ‘తగ్గుతోంది’, ‘తడి పెట్టండి’ అని మూడు మాటలు చూపించండి.

నేల రకం అడిగేటప్పుడు ‘లోమ్’, ‘క్లే’ వద్దు. ఎర్ర నేల, ఇసుక నేల, నల్లరేగడి అని ఫొటోలతో ఇస్తే సరిపోతుంది. ఇంకా గట్టిగా కావాలంటే నేల చేతే చెప్పించండి: బాగా తడిపెట్టి, ఎర్ర నేలైతే ఒక రోజు, రేగడైతే రెండు మూడు రోజులు ఆగి అప్పుడు చూపే అంకెను ‘నిండు పదును’గా యాప్ పట్టుకోవాలి. మొదటి వారమంతా ‘మీ నేలను తెలుసుకుంటున్నాం’ అని నిజం చెప్పండి. మొదటి రోజే సలహా ఇచ్చి తప్పితే ఆ తర్వాత ఎవరూ చూడరు.

పాతడంలో పొరపాటు జరిగితే యాప్ ఏమీ చేయలేదు, కాబట్టి దానికీ ఒక స్క్రీన్ కావాలి. నిమ్మకి ఒకటి 25 నుంచి 30 సెంటీమీటర్ల లోతులో, రెండోది 60 దగ్గర. చెట్టు మొదట్లో కాదు, కొమ్మల నీడ అంచుకి కాస్త లోపల. డ్రిప్పరు కిందే పెడితే ఎప్పుడూ తడే చూపిస్తుంది, అడుగు దూరం ఉంచాలి. గుంత వెడల్పుగా తీసి పొడి మట్టి పోస్తే సెన్సర్ చుట్టూ గాలి మిగిలిపోయి ఎప్పుడూ ఎండే చూపిస్తుంది. అదే గుంత మట్టిని నీళ్లతో జారుగా కలిపి పోయాలి. రేగడిలో ఎండాకాలం బీటలు వారితే మళ్లీ అదే గాలి తంటా. ఒక్కసారిగా సున్నాకి పడితే ‘తడి పెట్టండి’ అనకుండా ‘సెన్సర్ దగ్గర బీట ఉందేమో చూడండి’ అని అడగాలి.

నిమ్మ రైతుని మీ వరసలో ఎక్కడా అడగని ప్రశ్న ఒకటుంది: తోట బెట్టలో ఉందా? పూత కోసం కావాలనే నీళ్లు ఆపిన రోజుల్లో మీ యాప్ పొద్దునా సాయంత్రం ‘తడి పెట్టండి’ అని మోగితే, ఈ యాప్‌కి నిమ్మ గురించి ఏమీ తెలియదని రైతు తేల్చేస్తాడు. పంట నిమ్మ అని నొక్కగానే ‘బెట్టకి వదిలారా’ అన్న ప్రశ్న, ‘అవును’ అంటే హెచ్చరికలు ఆపే తేదీ.

వరి అని నొక్కితే తేమ సెన్సర్ స్క్రీన్లన్నీ మాయం కావాలి. నీళ్లు నిలిచిన మడిలో అది ఎప్పుడూ నిండుగానే చూపిస్తుంది. ఆరుతడి పద్ధతిలో నేలలో దించే చిల్లుల గొట్టంలో నీటిమట్టం కొలిచే సెన్సర్ ఉంటే వేరు. అప్పుడు మట్టం నేలకన్నా 15 సెంటీమీటర్లు కిందికి దిగినప్పుడు తడి, పూత దశలో మాత్రం ఆరనివ్వకూడదు.

——

బిల్డ్_పడింది (ఆండ్రాయిడ్) జవాబు:

ఓటీపీ తేలికే. ఎస్‌ఎంఎస్ రిట్రీవర్ (మెసేజ్‌లోంచి ఓటీపీని దానంతటదే పట్టుకునే పద్ధతి) వాడుతున్నట్టున్నారు. మెసేజ్ చివర 11 అక్షరాల హాష్ (యాప్‌ని గుర్తుపట్టే కోడ్) ఉండాలి, అది యాప్ సంతకం కీ నుంచి పుడుతుంది. ప్లే స్టోర్ మీ యాప్‌ని తన దగ్గరున్న కీతో మళ్లీ సంతకం చేస్తుంది కాబట్టి మీ టెస్ట్ హాష్ అక్కడ చెల్లదు. ప్లే కన్సోల్లో ఉన్న సర్టిఫికెట్‌తో హాష్ తీసి, టెలికాం కంపెనీలు మెసేజ్ నమూనాలు నమోదు చేసుకునే డీఎల్‌టీలో టెంప్లేట్ మళ్లీ నమోదు చేయించండి. ఓటీపీని తెలుగులో పంపాలనుకుంటే ఒక ఎస్‌ఎంఎస్‌లో 70 అక్షరాలే పడతాయి, ఇంగ్లిష్‌లో 160. అందులోనూ ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం ఆరుగా లెక్కకొస్తుంది. పొట్టిగా రాయండి.

అడక్కపోయినా ఇంకొకటి చూసుకోండి. ఫోన్ ఇంగ్లిష్‌లో ఉండి, మీ యాప్‌లో తెలుగు ఎంచుకుంటే కూడా ఇంగ్లిషే వస్తోందా? యాప్ బండిల్ (ప్లే స్టోర్‌కి ఎక్కించే యాప్ ఫైలు) ఫోన్ భాషకి సరిపడా మాటల్నే దించుతుంది. బిల్డ్ ఫైల్లో భాషల విభజన ఆపేయండి, కొద్ది కిలోబైట్లు పెరిగితే పెరిగాయి.

అనుమతులు మొదట్లోనే వరసపెట్టి అడగొద్దు. ఆండ్రాయిడ్ 11 నుంచి ఒకే అనుమతి రెండుసార్లు కాదంటే మూడోసారి అడిగే పెట్టె రాదు, సెట్టింగ్స్‌లోకి పోవాల్సిందే. లొకేషన్ మోటారు కాడ గుర్తు పెట్టేటప్పుడు అడగండి. ఆండ్రాయిడ్ 12 పైన రైతు ‘సుమారు’ లొకేషన్ ఎంచుకోవచ్చు, అప్పుడు గుర్తు మూడు చదరపు కిలోమీటర్లలో ఎక్కడైనా పడొచ్చు. అది కనిపెట్టి ఎందుకు కచ్చితంగా కావాలో ఒక్క వాక్యంలో చెప్పి మళ్లీ అడగండి. జీపీఎస్ పది మీటర్ల లోపుకి వచ్చేదాకా ‘సరే’ వెలగకూడదు. లేకపోతే కొందరు సెంటర్లో టీ కొట్టు దగ్గరే కూర్చుని గుర్తు పెట్టేస్తారు, తోట వెళ్లి టీ కొట్టు మీద కూర్చుంటుంది.

నోటిఫికేషన్లని నమ్ముకోకండి. ఆండ్రాయిడ్ 13 నుంచి దానికీ అనుమతి కావాలి, పైగా చాలా ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో వెనకాల నడిచే యాప్‌ని చంపేస్తాయి. ఫేజు పోయింది, మోటారు ఆగింది లాంటివి వాయిస్ కాల్‌గా రావాలి.

తెలుగు అక్షరాలకి కిందా పైనా చోటు కావాలి. బటన్ ఎత్తు బిగించేస్తే వత్తులు తెగిపోతాయి. కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత) పెట్టి అక్షరాన్ని బట్టి పెరగనివ్వండి, వరసల మధ్య ఒకటిన్నర రెట్లు. ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకున్నవాళ్లే మీ వాడుకదారులు, కాబట్టి ఆ సైజులో, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి చూడండి. లేత బూడిదరంగు అక్షరాలన్నీ అక్కడే మాయమవుతాయి.

——

కాలవ_కింద జవాబు:

ఊళ్ల పట్టీ కూడా సరిచూసుకోండి. 2022 ఏప్రిల్ విభజనలో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది, అద్దంకి, చీరాల బాపట్లకి పోయాయి, 2025 ఆఖర్న కందుకూరు, అద్దంకి మళ్లీ ప్రకాశంలోకి వెళ్లాయి. పాత పట్టీ పెట్టుకుంటే రైతు తన ఊరు వెతుక్కుని వెతుక్కుని వదిలేస్తాడు. జిల్లా ముందు అడగకుండా ఊరి పేరు రెండక్షరాలు కొట్టగానే మండలంతో కలిపి చూపించండి. లోపల ప్రభుత్వ గ్రామ కోడ్ దాచుకుంటే జిల్లా హద్దులు మళ్లీ మారినా మీ లెక్క చెదరదు.

ఒక బోరు, ఒక ఫోను అన్న ఊహ కూడా మార్చుకోండి. పెట్టె యజమాని పేరున ఉంటుంది, మోటారు వేసేది నీళ్లు కట్టే మనిషి, ఆంప్స్ చూసేది హైదరాబాద్‌లో ఉన్న కొడుకు. ఉమ్మడి బోరైతే అన్నదమ్ములకి వంతులు. కాబట్టి మొదటి మోటారు తిరిగిన వెంటనే ‘ఇంకెవరు వేస్తారు?’ అని అడిగి నంబర్లు తీసుకోండి. వేసి ఆర్పడం వేరు, సెట్టింగులు మార్చడం వేరు, రెండు హక్కులు చాలు. నీళ్లు కట్టే మనిషి దగ్గర బటన్ల ఫోనే ఉంటే మిస్డ్ కాల్‌తో మోటారు వేసే దారి ఉండాలి. అతని నంబరు పెట్టెలో కూడా నమోదు కావాలి, యాప్‌లో ఉంటే సరిపోదు.

——

నిమ్మతోట_యాప్:

అయితే కొత్త వరస ఇట్లా: భాష, నంబరు, క్యూఆర్, సిమ్, ‘చేతి / ఫోన్’ బొమ్మ, డీలరు ఆంప్స్ కొలత, రైతు చేత ఆన్, ఆఫ్, ఆ తర్వాత ఇంకెవరు వేస్తారు. ఊరు, పంట, విస్తీర్ణం మర్నాడు యాప్ తెరిచినప్పుడు ఒక్కోటి. పాసుపుస్తకం, ఆధార్, హద్దు తీసేస్తున్నాం. ఒక్క అనుమానం: డీలరు వచ్చినప్పుడు కరెంటు లేకపోతే?

——

మూడు_ఫేజులు:

అక్కడికి ఆపి ‘కొలత మిగిలింది’ అని పెట్టండి. కొలత అయ్యేదాకా ఫోన్ నుంచి ఆన్ పనిచేయకూడదు, ఆఫ్ మాత్రం పనిచేయాలి. పెట్టెలో చిన్న బ్యాటరీ ఉంటే మూడు ఫేజులూ రాగానే అదే డీలరుకి ఎస్‌ఎంఎస్ పంపేట్టు చేయొచ్చు. బ్యాటరీ లేకపోతే ‘కరెంటు లేదు’, ‘సిగ్నల్ లేదు’ అన్న రెండింటినీ యాప్ వేరు చేయలేదు, కాబట్టి తెరమీద ‘పెట్టె పలకడం లేదు’ అని మాత్రమే రాయండి. డీలరు మళ్లీ వెళ్లాల్సిన తేదీ అక్కడే రైతుకి కనిపించాలి.